ఎడమ మర

టక్.
చుట్టుకొక్కసారి, ఎడమ కాలు కిందికి పోంగనే
టక్.
సొహార్ కార్నిష్ మీద మాపటి గాలిల
సముద్రం సప్పుడు కన్న ముందు అదే ఇనవడ్తది.

రోడెల్ మనీలా పోయేటప్పుడు
పదిహేను రియాళ్లకు ఇచ్చిపోయిన గుట్టల సైకిల్.
బ్రేకులు మంచియే, గేర్లు మంచియే,
పెడళ్ల సంగతి మాత్రం అడగకు, అని నవ్విండు.
నేను అడగలే.
రెండేండ్లు తొక్కిన.

కుడిదానికి ఇంకా ఏడు ములుకులున్నయ్.
ఎడమది బోడిగుండు.
వాది దిగేటప్పుడు నేను నిలవడేది
ఎడమ కాలు మీదనే అని నాకు తెల్వదు,
పెడల్‌కు తెలుసు.
మా మగ్గం గుంతల గూడ
ఎడమ తొక్కుడు చెక్కనే ముందు అరిగేది,
మడిమె ఆనిన కాడ సాసర్ లెక్క సొట్ట.
నాయిన దాన్ని తిప్పేసి ఇంకో ఐదేండ్లు నేసిండు.
దీన్ని తిప్పేస్తే రెండో దిక్కు గూడ బోడిదే.

పోయిన శుక్రారం వాది హిబీల
రాళ్ల మీద తడి. కాలు జారింది.
పెడల్ గిర్రున తిరిగొచ్చి పిక్క మీద గుద్దింది.
హిలాల్ సంచిలకెల్లి మస్సర్ తీసి కట్టు గట్టి
"ఖలాస్, కొత్తయి కొను" అన్నడు.
ఇన్షా అల్లా అన్న.
అంటే, జీతం పడ్డంక.

రఫీకుల్ దుకాణంల గోడకు వేలాడ్తున్నయ్ పెడళ్లు,
పొద్దుగాల్ల మార్కెట్ల చాపల లెక్క మెరుసుకుంట.
అల్యూమినియంవి పద్దెనిమిది రియాళ్లు.
పద్దెనిమిదిని రూపాయలల్లకు మార్చి చూసిన.
మార్చకపోయినా అయిపోతుండె.
నైలాన్‌వి ఆరున్నర,
ఇనుప ములుకులు, అరిగితే ఇప్పి మళ్లా ఏస్కోవచ్చు.
ఇంకో రకం ఉన్నయ్, బూటు ఇరికిచ్చుకునేటియి:
కాలు, పెడల్ ఒక్కటే అయిపోతదట,
మడిమె పక్కకు తిప్పితేనే ఇడుస్తదట.
పదకొండేండ్ల సంది నా పాస్‌పోర్టు
ఇంకొకల్ల బీరువాల ఉంది.
కాలన్న నా దగ్గర ఉండనీ, రఫీకుల్ భాయ్.

కుడిది ఒక్క గుంజుకు ఊడింది.
ఎడమది కదల్లే.
డీజిల్ పోసిన. సుత్తెతోని కొట్టిన.
పానా మీద ఎక్కి నిలవడ్డ.
పానా జారి ఏళ్ల గణుపులు గీసుకపోయినయ్.
గంటసేపు
ఇప్పుతున్న అనుకుంట బిగిచ్చుకుంట కూసున్న.
ఎడమ మర ఉల్టా ఉంటదని
రఫీకుల్ ఫోన్ల పడి పడి నవ్విండు.
తొక్కంగ తొక్కంగ దానంతట అది ఊడిపోవద్దని
అట్ల జేసిండ్రంట.
ఎవలో, ఏ దేశంలనో, ఎన్నడో
నా ఎడమ కాలు గురించి
గంత ఆలోచన జేసిండ్రు!

పాతదాన్ని ఇప్పి చూసిన.
లోపల గోలీలు నాలుగే మిగిలినయ్, అవి గూడ గుండ్రంగ లెవ్వు.
గ్రీసు లేదు. ఇరుసుకు అంటుకోని ఎర్ర మన్ను.
ఇక్కడి మన్ను బూడిద రంగు.
రోడెల్ ఏ గుట్ట ఎక్కి తెచ్చిండో ఇది,
పోయేటప్పుడు చెప్పలే.
గోటితోని గీకి కాయితంల పోసిన,
ఎందుకో పారబొయ్య బుద్ధి గాలే.

కొత్త పెడళ్లకు సప్పుడు లేదు.
ములుకులు బూటును కరిసి పట్టుకున్నయ్,
గాలికి ఎదురు తొక్కినా జార్తలేదు.
మొత్తం కార్నిష్ ఒక్క ఊపుల దాటిన,
మొదటిసారి అలల సప్పుడు ఇన్న.
క్యాంపు గేటు దాటి రూములకు వస్తే
స్టవ్ సల్లగ ఉంది.
భూమేష్ మంచం మీద ఫోన్ చూసుకుంట:
"ఎప్పుడొచ్చినవ్ రా? టక్ టక్ ఇనవడకపాయె.
అది గేటు కాడ ఇనవడంగనే గద
నేను చాయ్ పెట్టేది."

రెండేండ్లు.
నేను లోపలికి రాంగనే ఉడుకుడుకు చాయ్ ఎట్లుంటుండెనో
ఎన్నడు అడగలే.

గిన్నె తొలిసి
రెండు గ్లాసుల నీళ్లు పెట్టిన.